ఆది కుర్తా ఒకటి పంపు

చిలకలూరిపేట,
కార్తీక సోమవారం

చిట్టీ,

నువ్వడిగిన రెండు వేలు నిన్న సాయంత్రం మీ మామయ్య చేత ఫోన్‌పే చేయించాను. మీ అమ్మకు చెప్పలేదు, చెప్పను కూడా. కానీ ఆ డబ్బు దేనికో చెప్పేటప్పుడు నీ గొంతు సన్నబడిపోయింది చూడు, దానితో నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. బట్టలు కొనుక్కుని, డబ్బు నెలనెలా కట్టుకోవచ్చని యాప్‌లో చెబితే ఒప్పుకున్నానన్నావు. మూడో నెలకే చేతిలో లేకపోయిందన్నావు. ఫోనులో మాట్లాడితే మధ్యలో "సరేలే అమ్మమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను.

అందంగా తయారవ్వాలన్న కోరికను నేను తప్పు పట్టను. నలభై ఏళ్లు మిషను తొక్కినదాన్ని. మిరపకోతలకెళ్లే ఆడవాళ్లను నువ్వూ చూశావు కదా, ఘాటు తగలకుండా చీర మీద మగవాళ్ల పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని వెళతారు. పొద్దుగూకాక ఆ చొక్కా విప్పి, మంట తగ్గేదాకా చేతులు కడుక్కుని మన వాకిట్లోకి వచ్చేవాళ్లు. "పండక్కి జాకెట్టు కుట్టాలమ్మా, వెనక మెడ కాస్త లోతు పెట్టు, చేతికి పైపింగు వెయ్యి" అని చెప్పి వెళ్లేవాళ్లు. రోజంతా మగవాడి చొక్కాలో ఒంగిన మనిషికి ఆ పైపింగు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. నీ ఆశ కూడా అదే. దాన్ని నేను చిన్నచూపు చూడను.

నాకు బాధ కలిగించింది వేరే. దసరాకు వచ్చినప్పుడు నీ పెట్టె సర్దింది నేనే. పద్నాలుగు టాపులు లెక్కపెట్టాను. ఐదింటికి అప్పుడే చంకల దగ్గర ఉండలు కట్టాయి. ఒకటి తిరగేసి చూస్తే లోపల కుట్టు పక్కన పావంగుళం గుడ్డ కూడా వదల్లేదు. రేపు నువ్వు కాస్త ఒళ్లు చేస్తే విప్పి వదులు చేసుకునే దారే లేదు. నీలం టాపు అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల ముట్టించాను, అప్పుడు నీకు చెప్పలేదు. ముడుచుకుపోయి, చివర నల్లపూసలా గట్టిగా బిగిసింది. దాని చీటీ మీదేమో "కాటన్" అని ఉంది. నూలు పోగైతే కాగితం కాలినట్టు వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిపొడిగా రాలిపోతుంది. పత్తి చేల మధ్య పుట్టిన పిల్లవు, ఈ మాత్రం పరీక్ష నీకు రావాలి.

ఒక లెక్క చెబుతాను, విను. పొడుగు పింజ పత్తికి 2025-26కు ప్రభుత్వం చెప్పిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. జిన్నింగు మిల్లులో ఆడిస్తే క్వింటాలు పత్తికి వచ్చే దూది 33, 35 కిలోలు. మిగతా బరువంతా గింజే, నూనెకూ చెక్కకూ పోతుంది. నీ కుర్తాకు రెండున్నర మీటర్ల గుడ్డ, అంటే పావు కిలో పైచిలుకు. వడకడంలో, నేయడంలో పోయే తరుగు కూడా కలుపుకుంటే ఒక కుర్తాకు ఇంచుమించు కిలో పత్తి కావాలి. రైతుకు ఆ మద్దతు ధర నిజంగా చేతికి దక్కితే, 81 రూపాయలు. గింజ విలువ తీసేసుకో. ఆ పైన దూది వడకాలి, నేయాలి, అద్దకం వెయ్యాలి, కత్తిరించాలి, కుట్టాలి, గుండీలు పెట్టాలి, ప్యాక్ చేయాలి, నీ హాస్టల్ గేటు దాకా బండి మీద తేవాలి. ఇదంతా నీ యాప్‌లో చూపే 199 రూపాయలకే అయిపోయిందంటే నేను నమ్మను. అది పత్తైనా కాకపోవాలి, మధ్యలో ఎవరి కూలైనా మింగేసి ఉండాలి. చవగ్గా కుట్టించే చోట ఏమవుతుందో కూడా విను. 2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనం కూలింది. అందులో బట్టలు కుడుతున్నవాళ్లు, ఎక్కువమంది ఆడపిల్లలే, 1,134 మంది పోయారు. ముందు రోజే గోడలు బీటలు తీసినా పనికి రమ్మన్నారు. టీవీలో ఆ శిథిలాల మధ్య మిషన్లు చూసి ఆ రోజు నేను పెడలు మీద కాలు పెట్టలేకపోయాను.

నా సంగతి ఒకటి నీకెప్పుడూ చెప్పలేదు. 1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. ఆ ఏడూ ఆ మరుసటి ఏడూ మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పత్తి రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. మీ తాతయ్య కౌలుకు వేసిన మూడెకరాలూ పోయాయి. ఆయన మనకు దక్కాడు, అదే చాలనుకున్నాను. ఆ మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లి. నాకు మంచి చీర లేదు. ఎదురింటావిడ దగ్గర పెద్దంచు పట్టుచీర ఎరువు తెచ్చి కట్టుకున్నాను. అందరూ బాగుందన్నారు. నేను మాత్రం పంక్తిలో పైట చేత్తో పట్టుకునే కూర్చున్నాను, సాంబారు చుక్క పడుతుందేమోనని. ఆరేళ్ల మీ అమ్మ పరిగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చోబోతే పక్కకు నెట్టాను. బెల్లం చేతులు దానివి. అది నా ముఖం వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ చీర నన్ను పెళ్లి చూడనివ్వలేదు, నా బిడ్డను ఎత్తుకోనివ్వలేదు. నీ గొంతులో మొన్న విన్నది ఆ భయమే చిట్టీ. వాయిదాల మీద తెచ్చుకున్న టాపు తొడుక్కుంటే నెలాఖరు కూడా దానితోపాటే ఒంటి మీద ఉంటుంది. అలాంటిది తొడుక్కోకు. ఇంకెప్పుడూ వద్దు.

ఇంకో మాట, ఇది కాస్త కటువుగా ఉంటుంది. ఒకసారి ఫొటోలో పడ్డ డ్రెస్సు మళ్లీ ఎలా వేసుకుంటామన్నావు, మొన్న పండక్కి. అప్పుడు నీతో వచ్చిన వినుకొండ వైపు పిల్ల పక్కనే ఉంది. ఉన్న రెండు చుడీదార్లే మార్చి మార్చి ఉతుక్కుని వేసుకుంది ఆ మూడు రోజులూ. నువ్వా మాట అనగానే తల దించుకుని గోటి మీద గోరింటాకు గీక్కుంటూ కూర్చుంది. నువ్వు చూడలేదు, నేను చూశాను. ఆ పిల్ల మనసు నొచ్చిందని నీకు తెలిస్తే నువ్వు ఊరుకోవు, అంత మంచిదానివి. తెలియాలనే రాస్తున్నాను.

మరి తక్కువ డబ్బులో బాగుండేదెలా అంటావు. టెర్ముకు నీ చేతిలో రెండు వేలుంటే వాటితో ఏడు టాపులు కొనకు, రెండు గుడ్డలు కొను. మంగళగిరి మనకు గంటంపావు దూరం. అక్కడ గుంట మగ్గాల మీద నేసే గుడ్డకు ఒంటినిండా పూలూ బుటాలూ ఉండవు, సాదా ఒళ్లు, అంచున సన్న జరీ. అదే దాని సొగసు. జీన్సు మీదికి పొట్టి కుర్తా చేసినా నప్పుతుంది, కాలేజీకీ పేరంటానికీ చెల్లుతుంది. చేనేతా కాదా అని సందేహమొస్తే అంచు వెలుతురుకు పెట్టి చూడు, రెండు పక్కలా సూది పొడుపులు కనిపిస్తాయి. మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా సాగదీసి పట్టే కర్ర మొనల గుర్తులవి. చీరాలకు ఊరికే చిన్న బొంబాయి అని పేరు రాలేదు. అక్కడి బట్టల మార్కెట్టులో కట్‌పీసులు ఓపిగ్గా తిరగేస్తే మంచి గుడ్డ దొరుకుతుంది. ఏది కొన్నా కుట్టేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నీడన ఆరెయ్యి. లేకపోతే కుట్టాక గుడ్డ కుంచించుకుపోతుంది, నెపం దర్జీ మీదికి పోతుంది.

మొన్న నేను తెచ్చిన ముదురాకుపచ్చ మంగళగిరి గుడ్డ రెండున్నర మీటర్లు 750 పడింది. వారానికోసారి వేసుకున్నా రెండేళ్లు వస్తుంది, అంటే వేసుకున్న పూటకు ఏడెనిమిది రూపాయలు. నాలుగు ఉతుకులకు పోయిన నీ 299 టాపు పూటకు 75 పడింది. ఖరీదైన బట్ట ఏదో ఇప్పుడు చెప్పు.

అసలు స్టైలు గుడ్డ ధరలో కన్నా అమరికలో ఉంటుంది. భుజం కుట్టు భుజం ఎముక మీద కూర్చుందా, చంక దగ్గర పట్టేస్తోందా, చెయ్యి ఎక్కడ ఆగింది, నేను చూసేది ఇవే. పేటలో గొప్పింటి కోడళ్లు వేలు పోసి కొన్న జాకెట్లను నా దగ్గరికి తెచ్చి భుజం దింపించుకుని వెళ్లేవాళ్లు. నీకు భుజాలు మీ తాతయ్యవి, కాస్త వాలుగా ఉంటాయి. రెడీమేడు ఏదీ నీకు సరిగ్గా పడదు. పద్నాలుగు కొన్నా నీకు నచ్చకపోవడానికి కారణం అది కూడా అనుకుంటాను.

నువ్వు చూపించిన ఆ కో-ఆర్డ్ సెట్ ఫొటో మీ మామయ్య ఫోనులో పెద్దది చేసి చూశాను. దాని కత్తిరింపులో పెద్ద విద్యేమీ లేదు. కాలరుకు బకరం పెట్టారు, ప్యాంటు నడుముకు వెనక ఎలాస్టిక్కు, ముందు సాదా పట్టీ. ఆకుపచ్చ గుడ్డ ఇంకో రెండున్నర మీటర్లు అదే తానులోంచి తెప్పిస్తున్నాను. లోపల అంగుళమున్నర గుడ్డ వదులుతాను. వినుకొండ పిల్లకు కూడా ఒకటి కుడతాను, నా దగ్గర గచ్చకాయ రంగు గుడ్డ ఉంది. నేనిచ్చానని కాదు, నాకు చేతులు ఊరుకోవని చెప్పు.

నీకు బాగా పట్టిన కుర్తా ఒకటి ఆదికి పంపు, వినుకొండ పిల్లదీ ఒకటి అడిగి తీసుకో. చంక దగ్గర ఎక్కడ పట్టేస్తోందో సుద్దముక్కతో గీయించి మరీ పంపు. శనివారం లోపు చేరితే ఆదివారం కత్తిరిస్తాను.

మీ అమ్మమ్మ