పుచ్చుకొనుటయు పరిచర్యయేనా?

వాక్యభాగములు: 1 రాజులు 17:8–16, లూకా 10:5–8, ఫిలిప్పీ 4:10–18



పరిచర్య అనగానే ఇచ్చుట అని మనము తలంతుము. బోధకుడు వాక్యమిచ్చును, ఉపాధ్యాయుడు చదువిచ్చును, మిషను ఆసుపత్రి మందిచ్చును, పుచ్చుకొనువారు సంఘస్థులు. ఈ తలంపు వినుటకు ఎంత బాగుగా నున్నదో అంత అపాయకరమైనదని నా అభిప్రాయము. దీనిని పరీక్షించి చూచుటకు మనకు మిక్కిలి దూరమైన యొక దేశపు సంగతి చెప్పెదను. మన తాలూకా సంగతియే చెప్పినయెడల అది ఏ పాదిరిగారు, ఎవరి ఇంటి కోడి అని వెదకుటలో అసలు మాట మరుగునపడిపోవును.

మధ్య అమెరికాలో గ్వాటెమాలా అను చిన్న దేశము కలదు. పడమటి కొండలలో మాయా జాతులవారు తమ తమ భాషలు మాటలాడుదురు. తూర్పున సకాపా, చికిములా అను ప్రాంతములలో ఎక్కువమంది స్పానిషు భాష మాటలాడు రైతులును కూలివారును. 1882వ సంవత్సరమున ఆ దేశాధ్యక్షుడైన హుస్తో రుఫినో బార్రియోస్ ఆహ్వానముమీద జాన్ క్లార్క్ హిల్ అను ప్రెస్బిటేరియను పాదిరి రాజధానికి వచ్చెను. 1902 మొదలు చికిములాలో ఫ్రెండ్స్ మిషనువారు పనిచేసిరి. ఆ తూర్పు భూములు మన రాయలసీమవలె మెట్ట భూములు. మే నెలలో తొలకరి పడగానే మొక్కజొన్న విత్తుదురు. జూలై ఆగస్టు మాసములలో వాన కొన్ని దినములు ఆగిపోవుట ఆ దేశమున మామూలే. ఆ దినములు కొన్ని వారములుగా సాగినయెడల కంకి పాలుపోసుకొనకమునుపే పైరు మాడిపోవును. 2014, 2015, 2018 సంవత్సరములలో అట్లే జరిగెను. నిరుటి గింజలు అయిపోయి కొత్త గింజలు ఇంటికి రాని ఆ నెలలను అక్కడివారు ఆకలి నెలలని పిలుతురు. గాదె అడుగు కనబడు నెలలనగా ఏమో మన రైతులకు నేను చెప్పనక్కరలేదు.

అట్టి గ్రామములలో స్పానిషు సంఘమునకు పరిచర్య చేయవచ్చిన యొక యౌవనస్థుని దినమును ఊహించుడి. అతడు ఇంగ్లీషు మాటలాడు దేశమునుండి వచ్చినవాడు, ఇరువది రెండు ఇరువది మూడు ఏండ్ల వయస్సువాడు. తెల్లవారకమునుపే పొరుగిండ్లలో చేతులతో పిండి తట్టు చప్పుడు వినబడును. రాత్రి సున్నపు నీటిలో ఉడికించి నానబెట్టిన మొక్కజొన్నను రుబ్బించి తెచ్చి, ఆ ముద్దను చేతులతో పలుచగా తట్టి, మట్టి పెనముమీద కాల్చుదురు. అదియే తోర్తీయ. నల్ల చిక్కుడు గింజల కూరయు తీపి కాఫీయు దానితో కలిసినచో మంచి భోజనము. ఏమియు లేని ఇంట ఉప్పు చల్లుకొని తిందురు. మన ఇండ్లలో సంకటిలోనికి ఉప్పుమిరపకాయ నూరుకొన్నట్టే.

ఉదయమున అతడు నిఘంటువు దగ్గర పెట్టుకొని స్పానిషు బైబిలు చదువును. అది 1569లో బేసెలు పట్టణమున అచ్చుపడిన గ్రంథమునకు పలుమార్లు సవరణ జరిగిన ప్రతి. దానిని మొదట తర్జుమా చేసిన కసియోదోరో దె రెయినా స్పెయినులోని మఠమునుండి పారిపోయి పరదేశములలో తిరిగిన సన్న్యాసి. పిమ్మట యౌవనస్థుడు ఇండ్లు దర్శించుటకు బయలుదేరును. మధ్యాహ్నము ప్రసంగము వ్రాసికొని సంఘపెద్దకు చూపించును. ఆ పెద్ద మూడవ తరగతితో చదువు మానినవాడైనను, తన భాష తనకు తెలియును గనుక తప్పులు దిద్దును. సాయంకాలము కూటము. ఆ కూటములో ఎన్ని దిద్దినను ఏదో యొకటి జారును. స్పానిషులో పాపిని పెకదోర్ అందురు, జాలరిని పెస్కదోర్ అందురు. ఒక్క అక్షరమే భేదము. జాలరులందరు మారుమనస్సు పొందవలెనని కొత్త బోధకుడు గంభీరముగా ప్రకటించుట, బల్లలమీది పిల్లలు నోరు మూసికొని నవ్వుట ఆ భాష నేర్చుకొను మిషనెరీలలో మామూలు సంగతియే. లూకా 5వ అధ్యాయము చదివినవారికి ఆ రెండు మాటలును పేతురుయొక్క దోనెలో ఒకే పూట కలిసికొనెనని జ్ఞాపకము వచ్చును.

మరియొక కష్టము కలదు. ఇంగ్లీషులో అందరికిని ఒక్కటే పిలుపు. స్పానిషులో మనవలెనే నీవు అనుటకు వేరు, మీరు అనుటకు వేరు. చిన్న పిల్లవానిని, స్నేహితుని తూ అందురు; పెద్దలను ఉస్తెద్ అందురు. అయితే దేవునికి ప్రార్థన చేయునప్పుడు మనవలెనే నీవు అనియే అందురు. ఎనుబది యేండ్ల ముసలమ్మను ఏకవచనముతో పిలిచినయెడల అతని ప్రసంగము ఎంత సత్యమైనను ఆ వీధిలో ఎవరికి కావలెను? దీనిని అతనికి నేర్పువారెవరు? ఆ ముసలమ్మయే.

ఇంతవరకు అతడు పుచ్చుకొనినవి మాటలు. మాటలు పుచ్చుకొనుట సుళువు, ఏలయనగా ఇచ్చినవారికి తరుగుదల లేదు. అసలు ప్రశ్న మధ్యాహ్నపు వేళ వచ్చును. ఆకలి నెలలలో ఒకనాడు అతడు ఒక విధవరాలి గుమ్మము దగ్గర నిలుచును. ఆమె "పాసె అదెలాంతె", అనగా లోపలికి దయచేయుడి అని పిలిచి, ఉన్న ఒక్క కుర్చీని కొంగుతో తుడిచి వేయును. కొంతసేపటికి పెరటిలో కోడి అరచిన శబ్దము వినబడి, పిమ్మట ఆగిపోవును. గ్రుడ్లు పెట్టు కోడి అది. గ్రుడ్లు అమ్మిన డబ్బుతోనే ఆమె ఉప్పు, సబ్బు కొనుక్కొనును. పిల్లలు తలుపుచాటునుండి చూచుచుందురు. అతని ముందర గిన్నె నిండ కోడి పులుసు వచ్చును. పిల్లలకు మిగిలినది తరువాత.

అతడు తినవచ్చునా?

తినకూడదని చెప్పు మనస్సాక్షిని నేను తేలికగా త్రోసివేయను. తన జేబులో ఆ కోడి వెలకు పదిరెట్లున్నవని అతనికి తెలియును. అయితే ఏమి చేయవలెను? డబ్బు తీసి బల్లమీద పెట్టినచో ఆమె ఇల్లు పూటకూళ్లిల్లు అగును. ఆకలి లేదని చెప్పినచో అది అబద్ధము, ఆమెకు అవమానమును. గిన్నెను పిల్లలవైపు నెట్టినచో, ఆమె పిల్లలకు పెట్టుకొనలేనిదని వారి యెదుటనే తీర్పు చెప్పినట్లగును.

సారెపతులో ఏలీయా చేసినది చూడుడి. ఆ విధవరాలికి మిగిలినది ఒక్క పూట పిండియు కొంచెము నూనెయు. తానును తన కుమారుడును తిని చనిపోవుదుమని ఆమె చెప్పుచున్నది. అట్టి యామెను ప్రవక్త ముందుగా నాకొక చిన్న అప్పము చేసి తెమ్మని అడిగెను. ఈ కథను ఆదివారపు బడిలో ఎన్నిసార్లు విన్నను, ఒక్కసారి ఆగి ఆలోచించినయెడల ఆ మాట మనకు కఠినముగా తోచవలెను. ఆకాశమునుండి కాకులచేత ఆహారము తెప్పించిన దేవుడు తన సేవకుని ధనవంతుని ఇంటికి పంపలేదు, పొరుగు దేశపు బీదరాలి ఇంటికి పంపెను. సుఖారు బావియొద్ద మన ప్రభువును అట్లే చేసెను. జీవజలమును గూర్చి చెప్పకమునుపు సమరయ స్త్రీని త్రాగుటకు నీళ్లడిగెను.

పుచ్చుకొనుటకంటె ఇచ్చుట ఎక్కువ ధన్యతయని ప్రభువు చెప్పిన మాటను పౌలు ఎఫెసు పెద్దలకు జ్ఞాపకము చేసెను (అపొ. కార్య. 20:35). ఈ మాటను చూపించి కొందరు, సేవకుడు ఎన్నడును పుచ్చుకొనరాదందురు. నేను దానినే తిరిగి అడిగెదను. ఇచ్చుటయే ఎక్కువ ధన్యతయైనచో, ఆ ధన్యత విధవరాలికి ఎందుకు దక్కరాదు? ఎల్లప్పుడు తానే ఇచ్చి, ఎవరియొద్దను ఏమియు పుచ్చుకొనని సేవకుడు పెద్ద భాగమును తనకే ఉంచుకొనుచున్నాడు. అట్టివాడు కొంతకాలమునకు దొర అగును. మన తాతలు మిషనెరీలను దొరగారు అని పిలిచిరి. ప్రేమతోనే పిలిచిరి, నేను కాదనను. అయితే గ్వాటెమాలా సువార్తిక సంఘములలో ఆ యౌవనస్థుని ఎర్మానో అందురు, సహోదరుడని అర్థము. సహోదరుడైనవానికి వదిన వడ్డించిన అన్నమును కాదను హక్కు లేదు.

ఆ ప్రాంతములలో కృతజ్ఞత చెప్పుటకు ఒక మాట కలదు: "దియోస్ సె లొ పాగె." దేవుడు మీకు దీని వెల చెల్లించును గాక అని అర్థము. నేను తీర్చలేను అని ఒప్పుకొనినవాడే ఆ మాట పలుకును. మిషను సాయము తీసికొనువారు ఆ మాట వందలసార్లు పలికియుందురు. కోడి పులుసు తిన్న పూట దానిని పలుకవలసినవాడు మిషనెరీ. తినుట ముగించి అతడు "ముచాస్ గ్రాసియాస్" అని వందనము చెప్పగా ఇంటివారు "బ్వెన్ ప్రొవేచో", అనగా మీ యొంటికి పట్టును గాక అని బదులు చెప్పుదురు. ఆ దేశపు ఆచారమది.

పుచ్చుకొనుట నేర్చినవాడు మాత్రమే వినుట నేర్చును. 1917లో కామెరన్ టౌన్‌సెండ్ అను ఇరువది యొక్క యేండ్ల యౌవనస్థుడు స్పానిషు బైబిళ్లు అమ్ముటకు గ్వాటెమాలాకు వచ్చి ఊరూర నడిచెను. కక్చికేలు భాష మాటలాడు ఒకడు, మీ దేవుడు అంత గొప్పవాడైతే మా భాష ఎందుకు మాటలాడడు అని అతనిని అడిగెనని చెప్పుదురు. అమ్మవచ్చినవానికి ఆ ప్రశ్న అవమానముగా తోచవచ్చును. టౌన్‌సెండ్ దానిని పుచ్చుకొనెను. 1931 నాటికి కక్చికేలు క్రొత్త నిబంధన అచ్చులో నుండెను. మన భాషయందును అంతే. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషను పాదిరులు క్రాన్, దెగ్రాంజి గార్లు తెలుగులోనికి సువార్తలు తెచ్చుటకు ఆనందరాయర్ అను తెలుగెరిగిన క్రైస్తవుని సహాయమును పొందిరి. మన బైబిలు చరిత్ర పుచ్చుకొన్నవారి చరిత్రయే.

ఇంతవరకు చదివి ఎవరైన సేవకుడు సంతోషించి, వచ్చే దర్శనమునకు ముందుగానే కబురు పంపించునేమో. అందుచేత మార్కు 12వ అధ్యాయముకూడ తెరువవలెను. విధవరాండ్ర ఇండ్లు మింగువారిని గూర్చి ప్రభువు గద్దించినది 40వ వచనమున. బీద విధవరాలి రెండు కాసులను మెచ్చుకొన్నది ఆ వెంటనే. ఒకే అధ్యాయము, ఒకే విధవరాండ్రు. నోట ఏమైన పెట్టినవానికి సమాధానమనియు, పెట్టనివానికి యుద్ధమనియు చాటు ప్రవక్తలను మీకా చూచియుండెను (3:5). ఎలీషా నయమాను కానుకలను ముట్టలేదు. గేహజీ వెంటబడి తెచ్చుకొని కుష్ఠును తెచ్చుకొనెను. కాబట్టి ఒకే కోడి ఒకని చేతిలో ప్రేమవిందు, మరియొకని చేతిలో దోపుడు.

భేదము ఎట్లు తెలియును? ప్రభువు డెబ్బదిమందికి పెట్టిన నియమము చాలునని నాకు తోచును: పెట్టినది తినవలెను, ఇల్లు మార్చి ఇల్లు తిరుగరాదు. ఆ యౌవనస్థుడు కోడి పులుసు పెట్టిన ఇంటికి మరల ఎప్పుడు వెళ్లెనని నేను అడుగను. ఉప్పు తోర్తీయ పెట్టిన ఇంటికి మరల వెళ్లెనా, అక్కడ అంతసేపు కూర్చుండెనా, రెండవది అడిగి తినెనా అని అడిగెదను. కరవు ముదిరి ఆ విధవరాలి ఇంట పొయ్యి వెలుగని దినమున అతడు మొక్కజొన్న బస్తా మోసికొని వెళ్లవచ్చును, వెళ్లవలెను. ఆమె బల్లయొద్ద తిన్నవాడు తెచ్చిన బస్తా గనుక ఆమె తలవంచుకొనక పుచ్చుకొనగలదు.

ఒంగోలులో క్లౌ దొరగారు గొప్ప కరవు కాలమున బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపించి, అన్నముకొరకు ఎవరును మతములోనికి రారాదని బాప్తిస్మములు ఆపివేసిరి. పిమ్మట 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మనకు కంఠస్థము. ఆ దినములలో గుడారమునుండి గుడారమునకు తిరిగిన బోధకులకు గంజి పోసిన ఇండ్లను ఎవరును లెక్కింపలేదు.

పౌలుకూడ ఈ చిక్కును ఎరిగినవాడే. కొరింథులో ఎవరిమీదను భారము మోపక, తరువాత ఆ సంగతిలో మీకు అన్యాయము చేసితినేమో క్షమించుడని సగము నవ్వుచు, సగము నొచ్చుకొని వ్రాసెను (2 కొరింథీ 12:13). ఫిలిప్పీయులయొద్ద మాత్రము పుచ్చుకొనెను. వారు ధనవంతులని కాదు. మాసిదోనియ సంఘములు నిరుపేదలని అతడే సాక్ష్యమిచ్చెను (2 కొరింథీ 8:2). చెరనుండి వారికి వ్రాసిన ఉత్తరపు చివర, సమస్తము నాకు ముట్టినదని వ్రాసెను. గ్రీకు భాషలో ఆ మాట వర్తకులు రసీదుమీద వ్రాయు మాట. ఆ కానుక తెచ్చిన ఎపఫ్రొదితు చావునకు సమీపమగునంతగా రోగియాయెను. పౌలు దానికి దుఃఖించెను, అయినను కానుకను తిరిగి పంపలేదు. రసీదును ఎపఫ్రొదితు చేతికే ఇచ్చి పంపెను.