ఏలేటి గట్టున తేనెటీగ

ఏలేటినీట పచ్చబడిన పిఠాపురపు వరిచేలను జూచి, ఇంత సస్యసంపద నడుమ అడవి తేనెటీగకు కొఱత యేమని తలంచుట సహజమే గాని, వరికంకిలో మకరందబిందు వొక్కటియు లేదు గనుక, దాని పోషణ భార మంతయు గట్టుమీది తుమ్మకును, కానుగకును, ఏడాది పొడుగునను పూగెలలు విప్పు కొబ్బరికిని చెందినది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమ తోటలను కూల్చినప్పుడు మనము కాయలనే లెక్కించితిమి; పూలను తలచినవా రరుదు.

ఎత్తైన కొమ్మకు ఒంటితుట్టె వ్రేలాడదీయు పెద్దయీగలకు ఆరుబయలే యిల్లు. పిల్లపురుగులకు సుమారు 34 డిగ్రీల వేడి కావలయును గనుక, రోహిణీకార్తెలో అవి నీటిబొట్లు నోట దెచ్చి, ఱెక్కలతో విసరి తుట్టెను చల్లబఱచును. చలిగాలి వీచిన, తమ దేహములనే కంబళిగా పేర్చుకొనును. జోరువాన కురియునప్పుడు మాత్రము కదలవు; ముసురు వారము పట్టినచో నిలువతేనె తఱిగిపోవును.

పూలు కఱవైన ఋతువున గుంపు మొత్తముగా లేచి, పూచిన చోటు వెదకికొని దూరమేగి, మఱుసటేడు తఱచు పాతచెట్టునకే మరలివచ్చుట శాస్త్రజ్ఞులు గమనించిరి. ఆ చెట్టును బాటవిస్తరణకై మనము కొట్టివేసి యున్నచో, అది ఏ నీళ్లట్యాంకు అంచుననో తుట్టె పెట్టును. అప్పుడును పొగబెట్టి తఱుమువారము మనమే.