మనవాడైనా, పరాయివాడైనా... న్యాయం ఒక్కటే

హత్య, పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ చుట్టూ అల్లిన నవలలంటే చాలామందికి ఇష్టం. ఒకప్పుడు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ కోసం పాఠకులు ఎదురుచూసేవారు. నేడు అలాంటి కథలే సెల్‌ఫోన్ తెర మీదికి వచ్చాయి. ఈ కథల్లో ఒక సౌలభ్యం ఉంది. హంతకుడెవరో రచయితకు ముందే తెలుసు, పాఠకునికి చివరి పేజీలో తెలుస్తుంది. పుస్తకం మూసేసరికి ఏ సందేహమూ మిగలదు.

నిజజీవితంలో న్యాయమూర్తికి ఆ చివరి పేజీ దొరకదు. సాక్షుల మాటలు, పోలీసులు చూపే ఆధారాలు, న్యాయవాదుల వాదనలు మాత్రమే ఆయన ముందుంటాయి. అగోచర జ్ఞానం అల్లాహ్‌కు మాత్రమే ఉంది. దైవప్రవక్త (స) సైతం తాను మానవుడినేనని, వాదనలో నేర్పరి అయినవాని మాట విని అతనికి అనుకూలంగా తీర్పు చెప్పే అవకాశం ఉందని, అలా తనది కాని హక్కును పొందినవాడు నిప్పుకణికను తీసుకున్నట్లేనని హెచ్చరించారు. కనుక తీర్పు చెప్పేవారికే కాదు, సాక్ష్యం చెప్పేవారికీ, బయట నిలబడి అభిప్రాయాలు చెప్పే మనందరికీ బాధ్యత ఉంది.

కాని మనం ఏం చేస్తున్నాం? ఎక్కడైనా ఘోరం జరిగిందని తెలియగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న 'ఎవరు?' అనే. ఆ ప్రశ్నకు అర్థం 'హంతకుడెవరు?' అని కాదు, 'మనవాడా, పరాయివాడా?' అని. జవాబును బట్టి మన కోపం పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఇది విశ్వాసికి తగిన పనేనా?

మన ప్రాంతంలోనే జరిగిన ఒక ఉదంతం చూద్దాం. 2019 నవంబరు 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, ఊరూరా తిరిగి చిన్న సరుకులు అమ్ముకొని బతికే ఒక దళిత మహిళపై అత్యాచారం చేసి హత్య చేశారు. ఆమె అసలు పేరు బయటపడకుండా 'సమత' అన్నారు. 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం ముగ్గురికి మరణశిక్ష విధించింది. ఆ ముగ్గురివీ ముస్లిం పేర్లే. ఆ రోజు మనలో ఎందరు ఆ అభాగ్యురాలి బిడ్డల గురించి ఆలోచించారు? ఎందరు 'మనవాళ్ళ పేరు చెడిపోయింది' అని మాత్రమే బాధపడ్డారు?

ఇప్పుడు మరో ఉదంతం. 2007 డిసెంబరు 27న విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉంటూ బి.ఫార్మసీ చదువుతున్న ఒక ముస్లిం అమ్మాయి దారుణంగా హత్యకు గురైంది. ఆయేషా మీరా కేసుగా రాష్ట్రమంతటికీ తెలిసిన విషయమిది. 2010లో విజయవాడ న్యాయస్థానం సత్యంబాబు అనే యువకునికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతని యౌవనంలో ఎనిమిదేళ్ళకు పైగా జైలుపాలయ్యాయి. 2018లో హైకోర్టు ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఇక్కడ గమనార్హమైన విషయం ఒకటుంది. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి, హైకోర్టు తీర్పుకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే, సత్యంబాబు దోషి కాడని అంటూ వచ్చింది. ఆ యువకుడు ఆమె బంధువు కాడు, ఆమె మతస్తుడు కాడు. ఎవరో ఒకరికి శిక్ష పడిందిగా అని ఆమె ఊరుకోవచ్చు. అందరూ ఆమెకు సానుభూతి చూపేవారే. కాని తాను నమ్మని దాన్ని నిజమని ఒప్పుకోవడానికి ఆమె మనసు అంగీకరించలేదు. కడుపుకోతలోనూ న్యాయాన్ని వదలకపోవడమంటే ఇదే.

దివ్యఖుర్‌ఆన్ ఈ రెండు పరీక్షలనూ మన ముందుంచింది. నిసా సూరా 135వ ఆయతు స్వయంగా మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే సత్యానికే సాక్షులుగా నిలవమంటోంది. మాయిదా సూరా 8వ ఆయతు ఒక జాతి పట్ల ఉన్న ద్వేషం మనల్ని న్యాయం నుండి తప్పించకూడదంటోంది. మదీనాలో ముస్లింగా చెలామణి అవుతున్న ఒక వ్యక్తి కవచం దొంగిలించి ఒక యూదునిపైకి నెట్టాడు. అతని వంశస్థులు అతన్నే సమర్థించారు. అప్పుడు నిసా సూరా 105వ ఆయతు మొదలుకొని అవతరించిన ఆయతులు ఆ యూదుని నిర్దోషిత్వాన్ని చాటాయని వ్యాఖ్యాతలు తెలిపారు.

'ఇలా ఆధారాలంటూ కూర్చుంటే నేరస్తులు తప్పించుకుపోరా?' అని కొందరు అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. 2019 నవంబరులోనే శంషాబాద్ సమీపంలో ఒక పశువైద్యురాలి హత్య జరిగింది. డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపితే జనం పూలు చల్లారు. విచారణ జరగలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిగినవేనని 2022లో తేల్చింది. అదే రోజుల్లో జరిగిన సమత కేసులో మాత్రం సాక్షులను విచారించి, నిందితుల వాదన కూడా విని, దాదాపు రెండు నెలల్లోనే తీర్పు ఇచ్చారు. అంటే ఆలస్యానికి విరుగుడు విచారణను త్వరగా, సక్రమంగా జరపడమే తప్ప, విచారణనే లేకుండా చేయడం కాదన్నమాట.

మెట్‌పల్లిలో ఉన్న మనకు ఇవన్నీ దూరపు సంగతులనిపించవచ్చు. కాని రేపు మన వీధిలో గొడవ జరిగి, చూసినవారిగా మనకే సమన్లు రావచ్చు. 'మనకెందుకొచ్చిన గొడవ' అని తప్పుకుంటామా? తెలిసిన సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపపంకిలమైనదని ఖుర్‌ఆన్ హెచ్చరిస్తోంది. చుట్టరికం కోసం మాట మారుస్తామా? అబద్ధపు సాక్ష్యాన్ని దైవప్రవక్త (స) ఘోరపాపాల జాబితాలో చేర్చారు. ఎవరి ఫోటోనో సెల్‌ఫోన్‌లో పంపి 'ఇతనే హంతకుడు' అంటే నిర్ధారించుకోకుండా నలుగురికి పంపిస్తామా? అదీ ఒక సాక్ష్యమే. దానికీ లెక్క చెప్పుకోవాలి.

నవల చివరి పేజీని రచయిత రాస్తాడు. మన కర్మల పత్రాన్ని మాత్రం మనమే నింపుకుంటున్నాం. అది తెరుచుకునే రోజున న్యాయవాదులు ఉండరు, వాదనా నైపుణ్యం పనికిరాదు. మన చేతులు, కాళ్ళే సాక్ష్యం చెబుతాయి. కనుక ఈ లోకంలో నోరు మన వశంలో ఉండగానే సత్యం పలుకుదాం. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.