చీమ కుట్టినట్టుంటుందా?

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే!" సూదిమందుకు ముందు తెలుగు ఇళ్లలో తరతరాలుగా వినపడే మాట ఇది. కొందరు పిల్లలకు ఆ మాట కూడా దక్కదు. బజారుకు పోదాం పద అంటూ బయల్దేరదీసి, ఆసుపత్రి మెట్లెక్కాక చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. అంతా ప్రేమతోనే. ప్రేమ కోసం ఆడిన అబద్ధం ధర్మమేనా?

పోతన భాగవతంలోని వామన చరిత్రలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అబద్ధమాడినా పాపం అంటని సందర్భాలు ఏకరువు పెడతాడు. ప్రాణాపాయం వాటిలో ఒకటి. అమ్మానాన్నలూ ఆ మినహాయింపునే ఆశ్రయిస్తారు. టీకా ప్రాణం నిలిపేదే కదా! నిజమే. ఐదారేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల నుంచి రక్షణను మళ్లీ గట్టిపరుస్తుంది.

అయితే ప్రాణం కాపాడేది మందు. అబద్ధం కాపాడేది పెద్దవాళ్లను, అదీ గుమ్మం దగ్గరి ఏడుపు నుంచి. సూది దిగిన క్షణాన ఆ మాట బూటకమని పిల్లకు తెలిసిపోతుంది. మరుసటిసారి ఆమెకు భయాలు రెండు: ఒకటి సూది, రెండోది అమ్మ మాట.

అలాగని నిజాన్ని మొహాన కొట్టడమూ ధర్మం కాదు. మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. సత్యమే వ్రతంగా పెట్టుకున్న ఆ తాపసి, దొంగలు అడిగితే దాక్కున్నవాళ్ల జాడ ఉన్నదున్నట్టు చెప్పేసి, వాళ్ల చావుకు కారకుడై నరకానికి పోయాడు. "అమ్మో, ఎంత పెద్ద సూదో!" అనడం ఆ కోవలోనిదే. ఇక "అన్నం తినకపోతే సూది వేయిస్తా" అనే బెదిరింపు, టీకా వేసే నర్సమ్మను బూచిని చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకాల నొప్పి తగ్గించడంపై 2015లో ఇచ్చిన సూచనలు ఈ రెండు అతుల మధ్యే నిలబడతాయి. నొప్పే ఉండదని బుజ్జగించవద్దు, భయపెట్టే మాటలూ వాడవద్దు. పిల్లను పడుకోబెట్టి అదిమిపట్టకుండా, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. పసికందుకు పాలివ్వాలి. ఒకేరోజు రెండు మూడు టీకాలుంటే ఎక్కువ నొప్పి పుట్టేదాన్ని చివర వేయాలి. ఆరేళ్లలోపు పిల్లల దృష్టి మళ్లించాలి.

దృష్టి మళ్లించడం మాత్రం మోసం కాదా? కాదు. సూది సంగతి ముందే చెప్పి, ఆ తర్వాత కథ మొదలుపెడితే పిల్ల దగ్గర దాచిందేమీ లేదు. నొప్పిని ఆమె ఒంటరిగా మోయకుండా ఒక చెయ్యి వేసినట్టు, అంతే. అందుకే "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అన్న మందలింపూ మానాలి. ఏడుస్తూనే చెయ్యి చాపిన పిల్లవాడిదీ ధైర్యమే.

పదేళ్లకూ పదహారేళ్లకూ టీడీ టీకాలు మళ్లీ ఎదురుచూస్తుంటాయి. ఐదేళ్ల పిల్ల "నొప్పి పుడుతుందా అమ్మా?" అని అడిగిననాడు అమ్మ చెప్పే జవాబును, ఆ పిల్ల అప్పటిదాకా దాచుకుంటుంది.

"గుచ్చుకుంటుంది తల్లీ. నా ఒళ్లోనే కూర్చుందువు గాని. ఏడుపొస్తే ఏడువు. ఏ పాట పాడమంటావు?"