నిమ్మకాయలు తొక్కించాక

హైదరాబాద్–విజయవాడ రోడ్డు పక్కన మా ఆంజనేయస్వామి గుడి. మంగళవారం, శనివారం కొత్త బండ్లు వరసకడతాయి. అర్చకుడిగా పసుపు రాసి బొట్లు పెడతాను, సింధూరంతో స్వస్తికం గీస్తాను, దిష్టి తీసి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పోనిమ్మంటాను. ఈ పూజ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. ఆ నమ్మకంతోనే ఇది రాస్తున్నాను.

పూజయ్యాక "హెల్మెట్ పెట్టుకో నాయనా" అంటే కుర్రవాళ్ల దగ్గర్నుంచి తరచుగా ఒకటే జవాబు: "స్వామి చూసుకుంటాడు పంతులుగారూ. రాసిపెట్టి ఉంటే హెల్మెట్ ఆపుతుందా?" ఈ రెండు మాటలూ ఒకదానితో ఒకటి పొసగవు. స్వామి కాపాడతాడంటే రాత మారుతుందని ఒప్పుకున్నట్టే. రాత మారదనుకుంటే ఈ పూజ దేనికి చేయించుకున్నట్టు?

దైవమా, పురుషప్రయత్నమా అన్న ప్రశ్న మన పెద్దలకు కొత్త కాదు. యాజ్ఞవల్క్య స్మృతి దీనికి రథాన్నే ఉదాహరణగా తీసుకుంది. ఒంటి చక్రంతో రథం కదలనట్టే, మనిషి ప్రయత్నం తోడుకానిదే దైవం ఫలించదంటుంది. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు ఇంకా గట్టిగా, దైవం మీద భారం వేసి చేతులు ముడుచుకోవడాన్నే తప్పుపట్టాడు. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 50,029 మందికి తలమీద హెల్మెట్ లేదు. ఇంతమంది నుదుటి రాతా ఒక్కతీరుగా ఉందని నేను నమ్మలేను.

ద్రోణపర్వంలో సైంధవ వధ రోజు నాకు పదేపదే గుర్తొస్తుంది. పొద్దుగూకేలోపు సైంధవుణ్ని చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడి శపథం. ప్రతి క్షణమూ విలువైనదే. అయినా గుర్రాలు అలిసిపోయాయని అర్జునుడు అంటే, సరేనని యుద్ధం నడుమే రథం ఆపాడు కృష్ణుడు. గుర్రాలను విప్పి, వాటి ఒంట్లో దిగిన బాణాలు పీకి, ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి, అవి తేరుకున్నాకే మళ్లీ కట్టాడు. సారథి సాక్షాత్తూ భగవంతుడు. తన మహిమతో గుర్రాలను అలాగే పరుగెత్తించలేక ఆపాడా? తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి కళ్లు మూతలు పడుతున్నా "ఇంకెంత, గంటలో ఊరు చేరిపోతాం" అంటూ తోలేవాళ్లకు ఈ ఘట్టం చెప్పాలనిపిస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు కునుకు పడితే, 44 మీటర్ల దారి ఎవరూ చూడకుండానే దాటిపోతుంది. బంకులోనో దాబా దగ్గరో బండి ఆపి అరగంట పడుకోవడం కృష్ణుడు చూపిన దారే.

తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిమి ఆపస్తంబ సూత్రం వాళ్లమే. ఆపస్తంబుడి ధర్మసూత్రాల్లో దారి ఎవరికి ఇవ్వాలన్న చర్చ ఉంది. బరువు మోసేవారికి, రోగికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలి. తాగినవాడికి, మతి చలించినవాడికి కూడా ఇవ్వాలట, వాళ్ల మీద గౌరవంతో కాదు, నీ క్షేమం కోసం. ఎదురుగా తప్పుదారిలో వచ్చేవాడితో పంతానికి పోకుండా పక్కకు తీయమని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు? (వర్ణాన్ని బట్టి దారి ఇవ్వమన్న సూత్రమూ అక్కడే ఉంది. దాన్ని నేను పాటించను, పాటించమని ఎవరికీ చెప్పను.)

కష్టమైన ప్రశ్న వేరే ఉంది. అన్నీ సరిగ్గా పాటించినవాళ్లూ పోతున్నారు కదా? రోడ్డు పక్కన నడిచిపోతున్న తల్లిని తాగి నడిపినవాడు గుద్దేస్తే, పదోరోజున ఆ ఇంట్లో కూర్చుని "ఆమె ప్రారబ్ధం" అంటారు. ఆ మాట వింటే నాకు కడుపు రగులుతుంది. ప్రారబ్ధం ఉందనే నేనూ నమ్ముతాను. కానీ ఆమెది ఏమిటో మనలో ఎవరం చూశాం? తెలిసిందొక్కటే: వాడు తాగాడు, తాగి నడిపాడు. అది ఆ రోజు వాడు తన చేతులతో కొత్తగా చేసుకున్న కర్మ. ఆగామి అని శాస్త్రం చెప్పేది దాన్నే. ఒకరి ప్రారబ్ధానికి పనిముట్టువు కమ్మని ఏ దేవుడూ ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. కర్మ సిద్ధాంతం పుట్టింది చేసినవాడికి జవాబుదారీ ఉందని చెప్పడానికి. దాన్ని పోయినవాళ్ల మీదికి తిప్పి, చేసినవాణ్ని వదిలేయడం అధర్మం.

అందుకే పూజలో నేను పట్టుబట్టేది సంకల్పం దగ్గర. గోత్రనామాలు చెప్పించాక, "తాగి నడపను, ఫోను చూస్తూ నడపను, బెల్టు లేకుండా కదలను" అని యజమాని నోటితోనే తెలుగులో అనిపిస్తాను. దేవుడి ఎదుట ఇచ్చిన మాట అది. అద్దానికి అడ్డం వచ్చేలా దండ వేయనివ్వను. ముందు సీటు ఎదుట ఎయిర్‌బ్యాగు ఉన్నచోట విగ్రహం అతికిస్తామంటే వద్దంటాను. బ్యాగు తెరుచుకుంటే ఆ విగ్రహం సరాసరి మనిషి ముఖానికి తగులుతుంది. స్వామిని మనసులో పెట్టుకోండి చాలు.

ఈ దసరాకు బండి పూజకు వచ్చేవాళ్లకు ఒక్కటే మనవి. హెల్మెట్లు వెంట తెచ్చుకోండి, వెనక కూర్చునేవాళ్లవీ, పిల్లలవీ కలిపి. బండికన్నా ముందు వాటికే బొట్టు పెడతాను.