ఏటికి శుద్ధి ఎందుకు?

నర్సీపట్నం ప్రాంతంలో పారే ఏటి పేరు వరాహ. నీట మునిగిన భూమిని పైకెత్తిన అవతారం పేరది. ఆ ఏటిలోకి ఊరి మురుగును వదలవచ్చా?

నదికి మైల అంటదని చాలామంది నమ్మకం. అలాంటప్పుడు మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టడం ఆ పవిత్రతను శంకించడం అవుతుందా?

కాదు. సూర్యారాధనలో పారాయణ చేసే అరుణ ప్రశ్న, అంటే తైత్తిరీయ ఆరణ్యకంలోని మొదటి ప్రపాఠకం, నీళ్లలో మలమూత్రాలు విడవొద్దని, ఉమ్మొద్దని నియమం పెట్టింది. నీటిని దేవతగా కొలిచినవాళ్లే ఆ కట్టడి చేసుకున్నారు. నది మైలపడుతుందా లేదా అన్న చర్చ అక్కడ లేదు. మనిషి ఏం చేయకూడదో ఉంది.

ఇప్పుడు ఆ నియమాన్ని ఒక్కొక్కరూ విడిగా పాటిస్తే సరిపోదు. ఏటి గట్టుకు ఎన్నడూ వెళ్లనివాడి మలమూత్రాలూ కాలువల గుండా ఏరు చేరగలవు. అందుకే ఆ నియమం ఊరంతటి వ్రతం కావాలి, శుద్ధి కేంద్రం దాని ఆచరణ. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున అంబర్‌పేటలోని పాత శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఇలాంటి చోట్ల ముందు జాలీలు చెత్తను ఆపుతాయి, ఇసుక అడుగుకు దిగుతుంది. ఆ తర్వాత పనంతా కంటికి కనిపించని సూక్ష్మజీవులది. అవి మలినాన్ని తిని పెరుగుతాయి, చివరికి మడ్డిగా అడుగుకు చేరతాయి. తేరిన నీరు ఏటికి వెళుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు. భక్తులు దోసిట పట్టే నీరు ఎగువన ఎన్నో ఊళ్లను దాటి వస్తుంది. ఆ వ్రతం ఆ ఊళ్లన్నిటిదీ.