గుఱి తప్పనివాని తప్పు

తెలుగున ‘తప్పు’ అను మాటకు రెండర్థములు కలవు. విడిచిన బాణము లక్ష్యమును చేరనిచో గుఱి తప్పినదందుము. మనుజుడు చేయరాని పని చేసినచో తప్పు చేసెనందుము. ప్రాచీన గ్రీకులును ‘హమార్తియా’ అను నొకే మాటతో ఈ రెంటిని చెప్పుచుండిరి. మాట యొకటే యగుటవలన కాబోలు, గుఱి తప్పనివాడు తప్పు చేయడను భ్రమ మనలో లోతుగా పాతుకొని యున్నది. ఏకాగ్రత యొక్కటి యున్నచో చాలును, తక్కిన గుణములు దాని వెంటనే వచ్చునని తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుదురు. ఉపాధ్యాయులమైన మేమును ఇరువది యేండ్లుగా తరగతిలో చెప్పుచున్నాము. గడచిన మాఘమాసమున ఒక యాదివారము ఉదయము, మా చేతిలో నొక తుపాకి యున్నపుడు, ఈ భ్రమ మమ్ము వదలిపోయినది. ఆ వృత్తాంతమును చదువరులకు నివేదించుట మా విధి యని తలచితిమి.

మా యూరు రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) పేర వెలసినది. పెద్ద చెఱువు దీనికి ప్రాణము. తుపాకి మాట ఇక్కడివారికి క్రొత్త కాదు. 2008 నవంబరులో ముంబయిపై దాడి జరిగిన తరువాత, 2009లో జాతీయ భద్రతా దళమునకు నాలుగు నగరములలో కేంద్రము లేర్పడెను. వానిలో హైదరాబాదు కేంద్రమునకు ఇప్పుడు నెలవు మా ప్రాంతమే. కాని యది ఆయుధమును వృత్తిగా పట్టినవారి లోకము. పలకయు సుద్దముక్కయు తప్ప వేఱొకటి పట్టనెఱుగని మావంటివారికి తుపాకి చేతికి వచ్చుట విచిత్రమే.

మా మిత్రు డొకడు, ఊరివెలుపల మామిడితోట కలవాడు, చిన్ననాటినుండి అమెరికా చలనచిత్రములలోని మీటతుపాకిపై మనసు పడినవాడు. 1873 నాటి వించెస్టరు తుపాకి ఆ జాతిలో ప్రసిద్ధమైనది. చేతిపిడి యొద్దనున్న మీటను క్రిందికి త్రోసి మరల పైకి లాగినచో, కాలిన తూటా వెలుపలికి ఎగురును, క్రొత్త తూటా గొట్టములోనికి పోవును, సుత్తె వెనుకకు నిలుచును. ఇంతయు ఒక్క విసురులో జరుగును. అట్టి తుపాకికి మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతిపత్రము కావలెను. అది సులభముగా దొరకునది కాదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టమునకును 20 జౌళ్ల శక్తికిని మించని గాలితుపాకికి మాత్రము 2016 నాటి నిబంధనలు అనుమతి నడుగవు. కావున మిత్రుడు గొట్టము క్రింద మీట గల గాలితుపాకి నొకదానిని కొనితెచ్చి, తన ముచ్చట సగము తీర్చుకొనెను.

వాని కుమార్తె పదునాలుగేండ్లది. గడచిన వేసవిలో నగరమున కొన్నాళ్లు ఈ విద్యలో శిక్షణ పొందినది. 2012లో లండను ఒలింపిక్సున గాలితుపాకి పోటీలో కాంస్యపతకము గెలిచిన గగన్ నారంగు హైదరాబాదువాడని, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియా క్రీడలలో పిస్తోలు పట్టి నాలుగు పతకములు తెచ్చిన ఈషా సింగు కూడ ఆ నగరపు పిల్లయే యని, ఆమెకు కంఠపాఠము. ‘ఆడపిల్ల చేతికి తుపాకి యేమిటి’ అని నాయనమ్మ గొణిగినను, ఆనాడు తోటలో మా యిరువురు పెద్దవారికిని గురువు ఆ పిల్లయే. ఉపాధ్యాయుడు శిష్యుడగుట అప్పుడప్పుడు మంచిది.

తోట చివర రొమ్మెత్తు మట్టికట్ట యున్నది. దాని నడుమ కాగితపు లక్ష్యమును గ్రుచ్చి, పది మీటర్ల దూరమున నిలిచితిమి. లక్ష్యము వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, అందు నల్లని భాగము 30.5, నట్టనడుమ పది గుణములిచ్చు చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. నడుము సన్నని సీసపు గుండు నొకదానిని పెట్టి మీటను లాగవలెను. లోని తీగచుట్ట బిగియును. ప్రతి గుండునకు మరల అంత శ్రమయు పడవలసినదే.

ఆ బాలిక చెప్పిన మాట యొకటి మమ్ము మిక్కిలి ఆకర్షించినది. గొట్టము వెనుకనున్న గంటు, చివరనున్న ముల్లు, దూరముననున్న లక్ష్యము, ఈ మూడింటిని కన్ను ఒక్కసారి స్పష్టముగా చూడజాలదట. ముల్లును మాత్రమే తేటగా చూచి, తక్కినవానిని మసకగా విడువవలెనట. ఊపిరి సగము వదలి, నిలిపి, ట్రిగ్గరును మెల్లగా, తనకే తెలియనంత మెల్లగా, వెనుకకు తీయవలెనట. మేము అట్లే చేసితిమి. మొదటి గుండ్లు మట్టిలో పడినవి. పదవదో పదునొకండవదో నల్లని వలయమున పడినది. ఆ తరువాత కలిగిన సంతోషమును దాచనేల? మామిడిపూత వాసన పోయినది, మిత్రుని మాటలు పోయినవి, మా వయస్సు పోయినది. లోకమంతయు ఒక ముల్లును ఒక నల్లని మచ్చయునై నిలిచినది. ఇదియే గదా అర్జునుడు పొందిన స్థితి యని లోలోపల గర్వించితిమి.

ట్రిగ్గరు సగము వెనుకకు వచ్చియుండగా ఆ పిల్ల కేక వేసినది: “ఆగుండ్రి సార్! కట్ట మీద పిలగాడున్నడు!”

తలయెత్తి చూచితిమి. లక్ష్యమునకు జానెడు పైన మేకలు కాయు కుఱ్ఱవాని తల. చెఱువు వైపునుండి కట్ట నెక్కి, గడ్డముపై చేతులానించి, మావైపే చూచుచుండెను. ఎంతసేపటినుండి చూచుచుండెనో మాకు తెలియదు. గాలితుపాకి గుండు చిన్నదే. కాని పది మీటర్ల దూరమున ఒక కన్ను తీయుటకు అది చాలును. వాడు నవ్వి, “ఏం సారూ, పిట్టల కొడ్తున్నరా?” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. మిత్రుడు వానిని పిలిచి జామకాయ లిచ్చి పంపెను. తన కేమి తప్పినదో వానికి తెలియనే తెలియదు. తుపాకిని నేలపై నుంచిన మా చేతులు చాలసేపు వణకినవి.

కట్టకు వెనుక నేమున్నదో ముందుగా చూడకపోవుట మా యజాగ్రత్త యని చెప్పి ఈ కథను ముగింపవచ్చును. అజాగ్రత్త నిజమే. కాని అంతతో మా మనసు తృప్తి పడలేదు. కుఱ్ఱవాని తల మా కన్నుల యెదుటనే యున్నది. మా చూపు చెదరినందువలన కాదు, చెదరనందువలననే అది మాకు కనబడలేదు. ఇరువది యేండ్లుగా పిల్లలకు గుణమని బోధించినదే ఆ క్షణమున దోషమైనది. ఇదెట్లు?

ద్రోణుడు శిష్యులను పరీక్షించిన కథ తెలియని తెలుగుపిల్ల లేదు. చెట్టును, గురువును, తమ్ములను, పక్షిని చూచుచున్నానన్న ధర్మరాజును గురువు తొలగి పొమ్మనెను. పక్షి తల తప్ప మఱేమియు కనబడలేదన్న అర్జునుని మెచ్చుకొనెను. ఈ కథ చెప్పినపుడెల్ల తరగతిలో ధర్మరాజును చూచి పిల్లలు నవ్వుదురు; మేమును నవ్వితిమి. కాని మూలమున నున్న యొక సంగతిని మేము ఎన్నడును పిల్లలకు చెప్పలేదు. ఆ పక్షి ప్రాణము కలది కాదు. శిల్పులచేత చేయించి ద్రోణుడు చెట్టుకొమ్మపై నిలిపిన బొమ్మ. తల మాత్రమే చూడుమన్న విద్యను గురువు బొమ్మపైననే నేర్పెను. ఆ విద్య కట్టలో గ్రుచ్చిన కాగితమునకు తగును. ప్రాణుల నడుమకు వచ్చినపుడు అది యొక్కటియే చాలునా?

చాలదని మన యితిహాసములే చెప్పుచున్నవి. దశరథుడు సరయూతీరమున చీకటిలో కడవ నిండు చప్పుడు విని ఏనుగనుకొని బాణము వేసెను. గుఱి తప్పలేదు, మునికుమారుడు కూలెను. పాండురాజు లేడిజంటను కొట్టెను. గుఱి తప్పలేదు, మునిశాపము తగిలెను. జర యను వేటగాడు మృగమనుకొని కృష్ణుని కొట్టెను, గుఱి తప్పలేదు. ఇన్ని శోకములలో ఒక్కటియు గుఱి తప్పినందువలన పుట్టినది కాదు. గుఱి తప్పియున్నచో వీరందఱు ధన్యులయ్యెడివారు.

అయినచో ఆయుధమును ముట్టుటయే తప్పా? మేము అట్లనము. అహింసను వ్రతముగా పట్టిన గాంధీమహాత్ముడే 1930 జనవరిలో ఆంగ్లప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోరికలలో, ఆత్మరక్షణకు తుపాకుల యనుమతి ప్రజల యదుపున నుండి యొసగబడవలె నన్న కోరికయు నున్నది. ఇక మీటను నిందింతుమా? వించెస్టరు మీట గుండునకును గుండునకును నడుమ ఆలోచించు నెడమును హరించుచున్నది, మా గాలితుపాకి మీట ఆ యెడమును ఇచ్చుచున్నది, అని మొదట మాకు తోచినది. కాని చరిత్ర ఆ యూహను నిలువనీయదు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో అడవిదున్నల మందలను రూపుమాపిన వేటగాండ్రు పెక్కురు వాడినవి ఒక్కొక్క గుండే పట్టు తుపాకులు. ప్రతి గుండునకు నడుమ వారికి వ్యవధి యుండెను. ఆ వ్యవధిలో వారు మరల గుఱియే చూచిరి గాని, దున్నను చూడలేదు. వ్యవధి యుండుట వేఱు, దానిలో కన్నెత్తుట వేఱు.

ఈ మాట వ్రాయుచుండగా మా మనస్సునకు తగులుచున్నది తుపాకి కాదు, తరగతి. మా ప్రాంతమున ఇంజనీరింగు కళాశాలలు పెక్కు. ప్రతి యింటను పిల్లవానికి ఒక గుఱి. దాని పేరు ర్యాంకు. కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో చుఱుకైన బాలు డొకడు గణితమున వెనుకబడసాగెను. అందఱి యెదుట వానిని నిలబెట్టి, అర్జునుని కథయే చెప్పి, నీ కన్ను ఎక్కడనో తిరుగుచున్నదని మందలించితిమి. వాని తండ్రి మంచము పట్టెననియు, వాడు తెల్లవాఱకముందే పాలు పోసి, తినక బడికి వచ్చుచుండెననియు మాకు తెలిసినది వాడు బడి మానిన తరువాత. వాని గుణములు మాకు కనబడినవి, వాడు కనబడలేదు. ఆనాడు ‘ఆగుడు’ అని యఱచువారు లేకపోయిరి. ఉన్నను మేము విందుమా?

శిక్షణశాలలో ఒక నియమము కలదని ఆ బాలిక చెప్పినది. అపాయమును చూచినవా డెవడైనను, ఎంత చిన్నవాడైనను, ఆపుమని కేక వేయవచ్చునట. విన్నవారందఱు కారణ మడుగక ఆగవలెనట, కారణము తరువాత. మన యిండ్లలో, బడులలో పెద్దవారిని ఆగుమనుటకు పిల్లలకు అధికారము లేదు. అట్టి కేకను అవిధేయత యందుము. పెండ్లిసంబంధమునకు గుఱి పెట్టిన తండ్రికి కూతురి మొగము కనబడనపుడు, ర్యాంకునకు గుఱి పెట్టిన తల్లికి కొడుకు నిద్రలేమి కనబడనపుడు, ఆ కేక వినుట కంటె వేఱు రక్ష లేదు.

ఇక ధర్మరాజునకు మేము క్షమాపణ చెప్పుకొనవలసి యున్నది. విద్య నేర్చునపుడు అర్జునుని చూపు వలయును. అది లేని వైద్యుడు కత్తి పట్టరాదు, అది లేని శిల్పి ఉలి పట్టరాదు. కాని దానికి ముందును వెనుకను ధర్మరాజు చూపు ఉండవలెను: చెట్టును, గురువును, తమ్ములను, పక్షిని ఒక్కటిగా చూచు చూపు. కురుక్షేత్రమున అర్జునుడే బంధువులనందఱను చూచి గాండీవము జాఱవిడిచెను. అప్పుడు కృష్ణుడు ‘తలను మాత్రమే చూడు’మనలేదు, విశ్వమునంతయు చూపెను. యుద్ధము ఆగలేదన్న మాట నిజమే. ఆ చిక్కును విప్పు శక్తి మాకు లేదు. ఒక్క మాట మాత్రము చెప్పగలము. మహాప్రస్థానమున అర్జునుడు త్రోవలోనే పడిపోయెను. విలుకాండ్రలో తన్ను మించినవాడు లేడన్న గర్వము దానికి కారణమని కథ. కడదాక నడిచినవాడు, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నవాడు, ఆ మొదటి పరీక్షలో తప్పినవాడే. ఆనాడు అన్నిటిని చూచిన కన్నునకు ఈనాడు కుక్క కనబడకుండునా?

రెండు వారముల తరువాత మరల తోటకు పోయితిమి. మిత్రుడు కట్ట వెనుక దారికి కంప వేయించెను. బాలిక ముందుగా కట్ట చుట్టు తిరిగి చూచి వచ్చినది. ప్రతి గుండునకు ముందు మేము తలయెత్తి, కట్టను, దాని పైని ఆకాశమును, ప్రక్కనున్నవారిని చూచి, పిదప కన్ను ముల్లుపై నిలిపితిమి. పది గుండ్లు వేసితిమి. ఆఱు నల్లని వలయము వెలుపలనే పడినవి. పిల్ల నవ్వినది. మేమును నవ్వి ఇంటికి వచ్చి, ఆ రాత్రి నెమ్మదిగా నిద్రించితిమి.